గుట్టపూసల హారం: పనితనం, ధర, విలువ ఎలా తేల్చుకోవాలి

బంగారం మీద ఉబ్బెత్తు బొమ్మలు లేపే పని నక్షీ, అంచున గుత్తులుగా వేలాడే చిన్న ముత్యాలు గుట్టపూసలు. ఈ రెండూ ఉన్న హారం ధరలో మూడు లెక్కలు కలిసి ఉంటాయి: బంగారం, రాళ్లూ ముత్యాలూ, చేతిపని. షాపులో మాత్రం ఒకటే అంకె చెప్తారు. మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకుంటే తప్ప ఆ ధర ఎక్కువో సబబో తేలదు.

ముందు పనితనం. హారాన్ని తిరగేయండి. చేతి నక్షీలో బంగారు రేకును లక్క మీద పరిచి, ఉలితో కొట్టి బొమ్మను లేపుతారు. కాబట్టి ముందువైపు నెమలి మెడ ఉబ్బిన చోట వెనక గుంట కనిపించాలి. వెనక రేకు మూసేసి ఉంటే ఎడమ నెమలినీ కుడి నెమలినీ పక్కపక్కన పెట్టి, పదింతలు చూపే భూతద్దంతో ఈకల గీతలు చూడండి. చేత్తో చెక్కినవైతే గీతల లోతులోనో, కంటి దగ్గరో కాస్త తేడా ఉంటుంది. గీత కూడా పొల్లుపోకుండా ఉంటే అది డై పనో (అచ్చుతో నొక్కింది), కాస్టింగో (కరిగించి పోతపోసింది). కాస్టింగులో మూలల దగ్గర సూదిమొనంత బెజ్జాలు కూడా కనబడొచ్చు. అలాంటివి కొనకూడదని కాదు, వాటికి చేతిపని మజూరీ ఇవ్వకూడదంతే.

యాంటిక్ పాలిష్ ఉంటే పాత నగ అనుకోకండి. అది రంగు మాత్రమే. పైగా టంకం మరకల్ని దాచేస్తుంది. అందుకే అతుకుల దగ్గర ఇంకాస్త ఆగి చూడాలి. పలచటి పట్టుగుడ్డతో హారమంతా ఒకసారి తుడవండి. పోగు చిక్కుకుందంటే అక్కడ రాయి పట్టు పైకి లేచిందన్నమాట. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే వదులైన రాళ్లు చప్పుడు చేస్తాయి.

గుట్టపూసల్లో ముందు పాడయ్యేది ముత్యం కాదు, దాన్ని పట్టుకున్న తీగ. తీగ మరీ సన్నగా ఉన్నా, చివర ఒకే చుట్టు చుట్టి వదిలేసినా కొన్నాళ్లకు పూసలు రాలిపోతాయి. బెజ్జం చుట్టూ ముత్యం పెచ్చులూడి ఉంటే ఆ గుత్తి మార్చమనండి. రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి సున్నితంగా రుద్దితే కాస్త గరుకు తగలాలి. గాజుపూస జారిపోతుంది.

ఇక లెక్క. గ్రాము 22 క్యారెట్ల బంగారం 10,000 రూపాయలు అనుకుందాం. హారం మొత్తం బరువు 62 గ్రాములు, రాళ్లూ ముత్యాలూ 85 క్యారెట్లు. రాళ్ల తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాము కాబట్టి 17 గ్రాములు తీసేస్తే నెట్ వెయిట్ 45 గ్రాములు. బంగారం 4,50,000. తరుగు, మజూరీ కలిపి వేసే వీఏ (వాల్యూ అడిషన్) 18 శాతమైతే 81,000. రాళ్లకు 25,000. మొత్తం 5,56,000, దాని మీద 3 శాతం జీఎస్టీ 16,680. వెరసి 5,72,680. హాల్‌మార్క్ రుసుము దీనికి అదనం, అది చిన్న మొత్తమే.

ఇందులో అసలు కిటుకు రాళ్ల బరువు. 2 గ్రాములు తక్కువ రాస్తే ఆ రాళ్లకు బంగారం రేటు పడుతుంది: 20,000, దాని మీద వీఏ 3,600, జీఎస్టీ 708. గుడ్డిగా 24,308 రూపాయలు పోయినట్టే. లోపల లక్క నింపి ఉంటే దాని బరువూ తీసేయాలి. కంసాలికి ఆర్డరిస్తే పొదగక ముందే రాళ్లను తూకం వేయించి, చీటీ తీసుకోండి. ‘వీఏ లేదు’ అన్న చోట రాళ్ల ధర క్యారెట్‌కి ఎంత వేశారో అడగండి, తగ్గించింది అక్కడ కలిపేసి ఉండొచ్చు. వీఏ శాతంలో కాకుండా గ్రాముకింత అని బేరమాడటం మంచిది. పై లెక్కలో గ్రాముకు 1,800. బంగారం రేటు పెరిగితే చేసేవాడి కష్టం పెరగదు కదా!

స్వచ్ఛతకు మూడు గుర్తులు చూడాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22 క్యారెట్లు అంటే 91.6 శాతం బంగారం అని చెప్పే 22కే916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఇచ్చే గుర్తింపు కోడ్). 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు రకం కూడా వస్తుంది. చేతిలో హారముంటే యాప్‌లో ఉంగరం అని రాకూడదు. కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగే రకం నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి వాటిలో బంగారం ఎన్ని క్యారెట్లో బిల్లులో రాయించుకోవాలి. ‘కేడీఎం’ అనేది స్వచ్ఛతకు గుర్తు కాదు, కాడ్మియంతో టంకం పెట్టే పద్ధతి.

తిరిగి అమ్మేటప్పుడు ఆ 45 గ్రాములకే లెక్క కడతారు. వీఏ, జీఎస్టీ వెనక్కి రావు. కెంపులు సహజమైనవో సింథటిక్కో, వెనక్కిస్తే రాళ్లకెంత ఇస్తారో డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించండి. హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తగ్గినట్టు తేలితే, బీఐఎస్ నిబంధనల ప్రకారం ఆ తేడాకు రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు అమ్మినవారే ఇవ్వాలి. అది అడగాలన్నా ఆ బిల్లే ఆధారం.