ఇంటి పన్ను పెంపు కౌన్సిల్‌కు వస్తే లెక్కలతో ఎలా వాదించాలి

బడ్జెట్ సమావేశం ఎజెండాలో ఎక్కడో అడుగున ‘ఆస్తి పన్ను రేటు సవరణ’ అని ఒక్క ముక్క ఉంటుంది. అప్పటికప్పుడు లేచి ‘పేదల నడ్డి విరుస్తున్నారు’ అంటే పేపర్లో ఫొటో పడుతుందేమో గానీ తీర్మానం ఆగదు. దాన్ని ఆపాలన్నా, తగ్గించాలన్నా, అసలు పెంచడమే సబబని ఒప్పించాలన్నా రెండు నెలల ముందు నుంచే కాగితాలు కూడబెట్టాలి. ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల సంగతి. తెలంగాణలో పన్నుకు మూలం అద్దె విలువ కాబట్టి అక్కడి లెక్క వేరు.

మొదట అడగాల్సింది డీసీబీ. అంటే డిమాండ్ (రావాల్సిన పన్ను), వసూలు, బకాయి. వార్డువారీగా గత మూడేళ్లవి కావాలి. పాత బకాయినీ ఈ ఏటి డిమాండునూ విడివిడిగా చూపించమనండి. రెండూ కలిపేస్తే వసూలు శాతాన్ని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. కౌన్సిలర్ అయితే కమిషనర్‌కు లేఖ రాస్తే సరిపోతుంది. మిగతావాళ్లు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది గనుక మార్చి సమావేశం కోసం జనవరిలోనే పెట్టేయండి. అదే దరఖాస్తులో పెద్ద బకాయిదారుల జాబితా, కోర్టు స్టేలో ఉన్న మొత్తం, ప్రభుత్వ భవనాల బకాయి కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ భవనాలకు రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం ఆస్తి పన్ను వేయకూడదు. అయితే 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు సుప్రీంకోర్టులో తేలాక, అందించే సేవలను బట్టి పన్నులో మూడో వంతో, సగమో, ముప్పావు వంతో సర్వీసు చార్జీగా రాబట్టుకోవచ్చు. మీ ఊళ్లో అది అడుగుతున్నారో లేదో కనుక్కోండి.

చేతికొచ్చిన అంకెలతో ఏం చేయాలో ఓ ఊహా పట్టణంతో చూద్దాం. ఈ ఏటి డిమాండ్ 6 కోట్లు, వసూలు 4.5 కోట్లు, అంటే 75 శాతం. రేటు పదో వంతు పెంచితే 60 లక్షలు వస్తాయని బడ్జెట్‌లో రాసుకుంటారు. వసూలు ఇలాగే ఉంటే చేతికందేది 45 లక్షలే. రేటు ముట్టుకోకుండా వసూలును 85 శాతానికి తెస్తే పూర్తిగా 60 లక్షలు వస్తాయి. సభలో ముందు పెట్టాల్సిన లెక్క ఇదే.

తర్వాతిది ఇంకా ముఖ్యం, చాలామంది చూడకుండా వదిలేసేది కూడా. 2020 నవంబరులో వచ్చిన నిబంధనలతో పన్ను మూలధన విలువ మీదికి, అంటే స్థలం విలువ, కట్టడం విలువ కలిపిన మొత్తం మీదికి మారింది. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం దాకా కౌన్సిల్ రేటు పెట్టుకోవచ్చు. పాత ఇళ్లకు మాత్రం ఏ ఏడూ నిరుటి పన్ను మీద 15 శాతానికి మించి పెరగకూడదు.

ఒక ఇల్లు తీసుకుందాం. 150 గజాల స్థలం, రిజిస్ట్రేషన్ విలువ గజం 8,000 చొప్పున 12 లక్షలు. కట్టడం విలువ 10 లక్షలు. మొత్తం 22 లక్షల మీద 0.12 శాతం అంటే ఏడాదికి 2,640. కానీ ఆ ఇంటికి నిరుడు పడింది 1,800 అనుకోండి. 15 శాతం చొప్పున ఈ ఏడు 2,070, వచ్చే ఏడు 2,380, మూడో ఏడు 2,640 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు రేటును 0.13 చేస్తే పూర్తి పన్ను 2,860. అయినా ఈ ఏడు పడేది అదే 2,070, వచ్చే ఏడూ అదే 2,380! తేడా మూడో ఏడు గానీ కనబడదు. అందుకే ‘పూర్తి పన్నుకు ఇంకా చేరని అసెస్‌మెంట్లు (పన్ను పడే ఆస్తులు) ఎన్ని, చేరినవి ఎన్ని’ అని అడగండి. ఆ సంఖ్య చెప్పలేకపోతే బడ్జెట్‌లో వేసిన అదనపు ఆదాయం గాల్లో లెక్క.

‘పెంచకపోతే కేంద్రం గ్రాంటు ఆగిపోతుంది’ అనే మాట తప్పక వస్తుంది. 2021–26 గ్రాంట్లకు 15వ ఆర్థిక సంఘం ఆస్తి పన్ను మీద పెట్టిన షరతులు రెండు: రాష్ట్రం కనీస రేట్లు నోటిఫై చేయాలి, ఆ తర్వాత వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధితో సమానంగా పెరుగుతూ రావాలి. ఏటా రేటు పెంచమని అందులో లేదు. అలాగని ‘గ్రాంటుతో సర్దుకోండి’ అని మీరూ అనకండి. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 2021–26 గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది.

ఆదాయం పట్టికలో గ్రంథాలయ సెస్సు ఎక్కడుందో ఓసారి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసలు వసూలయ్యే ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థది. దాన్ని సొంత ఆదాయంలో కలిపి చూపిస్తే అక్కడే పట్టుకోవచ్చు.

వాదన వీగిపోయే చోటు ఒకటుంది. ‘పక్క ఊళ్లో 0.11 శాతమే’ అనగానే కమిషనర్ అక్కడి రిజిస్ట్రేషన్ విలువలు చదివి వినిపిస్తారు. రేటును కాదు, ఒకే కొలత ఇంటికి రెండు ఊళ్లలో పడే రూపాయలను పోల్చండి. ‘వద్దు’ అని ఊరుకోకుండా ప్రత్యామ్నాయ సవరణ రాసుకుని వెళ్లండి: ఇళ్ల రేటు ఉన్నట్టే ఉంచి వాణిజ్య భవనాలకు పెంచడం, లెక్కకెక్కని పై అంతస్తులు, ఇంటి పన్నే కడుతున్న దుకాణాలు, ఖాళీ స్థలాల సర్వే. మీ వార్డులో ఒక్క వీధి నడిచి, కొత్త అంతస్తులు లెక్కపెట్టి, వార్డు సచివాలయంలోని డిమాండ్ జాబితాతో సరిచూస్తే చేతిలో సాక్ష్యం ఉంటుంది.

ఇక పద్ధతి. రేటు పెంచే ముందు నోటీసు ప్రచురించి, అభ్యంతరాలకు కనీసం నెల గడువివ్వాలి. అభ్యంతరం మీద అసెస్‌మెంట్ నంబరు రాసి, ఒక్కో కాగితంలో ఒక్కటే పాయింటు, దాని అంకె పెట్టి, రసీదు తీసుకోండి. వంద సంతకాల ఉమ్మడి అర్జీని ఒకే అభ్యంతరంగా లెక్కేసి పక్కన పెట్టేస్తారు. ఎన్ని వచ్చాయి, ఒక్కోదానికి ఏం జవాబిచ్చారు అన్న పట్టిక సభ ముందుకు రావాలని పట్టుబట్టండి. అంశాన్ని టేబుల్ ఎజెండాగా, అంటే ముందుగా పంపకుండా సభలో అప్పటికప్పుడు తెస్తే, చదవడానికి వ్యవధి లేదని వాయిదా కోరడమే మొదటి మాట.

తీర్మానం నెగ్గినా మీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించి, నకలు తీసుకోండి. తర్వాత ఇంటికొచ్చే స్పెషల్ నోటీసులో కొలత, కట్టడం రకం, వాడకం సరిగా ఉన్నాయో చూసి, తేడా ఉంటే అందులో ఇచ్చిన గడువులోగా రివిజన్ పిటిషన్ (పన్ను మళ్లీ లెక్కించమనే అర్జీ) వేయాలి.