కారు లైసెన్స్ దరఖాస్తు: ఎల్ఎల్ఆర్ నుంచి రివర్స్ ట్రాక్ దాకా

ఆంధ్రప్రదేశ్‌లో కారు లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టడం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేసుకునే పనే. చాలామంది ఫెయిలయ్యేది డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ మీద, అదీ రివర్స్‌లో. కాబట్టి తేదీలన్నీ మీ రివర్స్‌ని బట్టి వేసుకోండి.

ముందు ఎల్ఎల్ఆర్

18 ఏళ్లు నిండి ఉండాలి. లైసెన్స్ దరఖాస్తులు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో రాష్ట్రం ఎంచుకుని లెర్నర్ లైసెన్స్ (ఎల్ఎల్ఆర్ అనేది దీన్నే) దరఖాస్తు తెరవండి. వాహన తరగతి దగ్గర ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి వాహనం) టిక్ పెట్టాలి. బైకు కూడా కావాలంటే అప్పుడే కలిపేస్తే మళ్లీ తిరిగే పని తప్పుతుంది. ఆధార్, వయసు, చిరునామా రుజువులు, ఫొటో, సంతకం దగ్గర పెట్టుకోండి. ఆరోగ్యం గురించి మీరే రాసిచ్చే ఫారం 1 చాలు. 40 దాటితే డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ కావాలి. కేంద్ర నిబంధనల ప్రకారం తరగతికి 150 రూపాయలు, పరీక్షకు 50, రాష్ట్రం సర్వీస్ చార్జీలు వేరే. రోడ్డు గుర్తుల పరీక్షలో 60 శాతం ఒప్పయితే పాస్.

ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది. ఈలోగా కారుకి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి తప్పనిసరి.

స్లాట్ ఎప్పుడు?

30 రోజులు నిండితే డ్రైవింగ్ టెస్ట్‌కి స్లాట్ బుక్ చేయొచ్చు. నేను 31వ రోజుకే పెట్టుకున్నాను. ముందుకు నడిపినంతసేపూ బాగానే ఉంది. రివర్స్‌లో వెనక చక్రం గీత దాటింది, బంపరు తగిలి కర్ర పడింది. ఆ చప్పుడుకి ఇన్‌స్పెక్టర్ గారు తల కూడా ఎత్తలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నారంతే. ఫెయిలైతే 7 రోజులు ఆగి మళ్లీ వెళ్లాలి, మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి. ఆలోపు ఎల్ఎల్ఆర్ గడువు దాటితే మళ్లీ మొదటికే. అందుకే రెండో నెల చివర్లో స్లాట్ పెట్టుకోవడం మేలని నా లెక్క.

కుడికైనా ఎడమకైనా ఇరుకు చోటులోకి కారుని అదుపుతో, తగినంత కచ్చితంగా వెనక్కి తీసుకెళ్లగలగాలని నిబంధనల్లోనే ఉంది. ఖాళీ స్థలంలో రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవున ఒక గడి అనుకుని, దాని నాలుగు మూలలా ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని సాధన చేయండి. గడిని ఎడమ పక్కన మీటరు దూరంలో ఉంచుకుని ముందుకు పోనిచ్చి, దాటుతూ కారు ముక్కు కొంచెం కుడికి తిప్పి ఆపండి. ఇప్పుడు తోక గడి వైపు చూస్తుంది. రివర్స్ వేసి, హాఫ్ క్లచ్ మీద (క్లచ్ పెడల్ సగం వదిలి), నడిచే వేగం కంటే నెమ్మదిగా రండి. తోక ఎటు పోవాలో స్టీరింగ్ అటే తిప్పాలి, ఇదొక్కటి చేతికి వస్తే సగం టెన్షన్ పోతుంది. ఎడమ అద్దాన్ని కాస్త కిందికి వంచితే వెనక చక్రం కనిపిస్తుంది. చక్రం బకెట్‌కి దగ్గరవుతుంటే ఆపి, స్టీరింగ్ కొద్దిగా విప్పండి. రెండు అద్దాల్లోనూ పక్క ఖాళీ సమానంగా కనబడగానే చక్రాలు తిన్నగా చేసి నేరుగా వెనక్కి. తోక ఎడమకి పోతున్నప్పుడు ముక్కు కుడికి ఊగుతుంది, కొత్తవాళ్లు అదే మర్చిపోతారు. వెనక కెమెరా ఉన్నా అద్దాలతోనే నేర్చుకోండి.

టెస్ట్ రోజు

ఎల్ఎల్ఆర్‌తో పాటు కారు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు ముందురోజే చూసుకోండి. డ్రైవింగ్ స్కూల్ కారు తీసుకెళ్తే కనీసం రెండు రోజులు ఆ కారుతోనే రివర్స్ చేసి ఉండాలి, క్లచ్ ఒక్కో కారులో ఒక్కోచోట పట్టుకుంటుంది. కేంద్రం నిర్ణయించిన ఫీజు టెస్ట్‌కి 300, లైసెన్స్‌కి 200. పాసైతే 30 ఏళ్లలోపు వారికి 40 నిండేదాకా, 30 నుంచి 50 లోపు వారికి 10 ఏళ్లు చెల్లుతుంది. వివరాలు నమోదయ్యాక డిజిలాకర్‌లో దించుకుని ఫోన్‌లో ఉంచుకోవచ్చు.