ఎమ్యులేటర్ ఆటలకు యూఎస్‌బీ కంట్రోలర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఫామికామ్, మెగా డ్రైవ్, ప్లేస్టేషన్ వంటి పాత యంత్రాల ఆటలను ఎమ్యులేటర్ (పాత యంత్రంలా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్) సాయంతో కంప్యూటర్‌లో ఆడేవారిలో చాలామంది మొదట్లో కీబోర్డుతోనే సరిపెట్టుకుంటారు. మామూలు కీబోర్డులో మీటల కింద ఉండే తీగలు అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన వలలా అమర్చి ఉంటాయి కాబట్టి, రెండు బాణం మీటలను నొక్కిపట్టి మూడో మీట నొక్కినప్పుడు కొన్ని కలయికలలో ఆ మూడో నొక్కు కంప్యూటర్‌కు అందనే అందదు. పరుగెత్తుతూ, ఏటవాలుగా గురిపెడుతూ, అదే క్షణంలో కాల్చవలసిన ఆటలో ఈ లోపం ఆటగాడి తప్పులా కనిపిస్తుంది. ఈ ఆటలు బొటనవేలి కోసం రూపొందినవి. వాటిని బొటనవేలితోనే ఆడాలి. అందుకు తగిన కంట్రోలర్ ఖరీదైనదే కానక్కరలేదు గాని, దేనికోసం కొంటున్నామో తెలిసి కొనాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది మీరు ఏ యంత్రపు ఆటలు ఎక్కువగా ఆడతారన్న సంగతి. 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్ కంట్రోలర్‌పై ఒక డీ-ప్యాడ్ (నాలుగు దిక్కులకూ నొక్కే ప్లస్ ఆకారపు మీట), రెండు బటన్లు, స్టార్ట్, సెలెక్ట్ మాత్రమే ఉండేవి. మన ఇళ్లలో ‘టీవీ గేమ్’ పేరుతో తిరిగిన చవక పెట్టెలలో చాలావరకు ఈ యంత్రానికి నకళ్లే కనుక, ఆ ఆటలే మళ్లీ ఆడాలనుకునే తెలుగువారికి ఇంతకు మించిన బటన్ల అవసరం లేదు. 1988 నాటి మెగా డ్రైవ్ మూడు బటన్లతో మొదలై, 1993లో ఆరు బటన్ల కంట్రోలర్‌ను తెచ్చుకుంది. 1990 నాటి సూపర్ ఫామికామ్ కుడివైపు నాలుగు బటన్లను వజ్రాకారంలో అమర్చి, కంట్రోలర్ భుజాలపై, అంటే పై అంచున, ఎల్, ఆర్ అనే మరో రెండింటిని చేర్చింది. ఈనాటి కంట్రోలర్లన్నీ దాని సంతతే. 1994లో వచ్చిన ప్లేస్టేషన్ భుజాల బటన్లను నాలుగు చేసింది, అనలాగ్ స్టిక్కులు (ఎంత వంచితే అంత కదలికను తెలిపే చిన్న కర్రలు) దానికి 1997లో వచ్చాయి. 1996 నాటి నింటెండో 64 అనలాగ్ స్టిక్‌ను ఆటకు కేంద్రం చేసింది. 1998 నాటి డ్రీమ్‌కాస్ట్, 2001 నాటి గేమ్‌క్యూబ్ ట్రిగ్గర్‌ను (చూపుడువేలితో లాగే భుజపు మీటను) ఎంత లోతుగా నొక్కారో కూడా లెక్కలోకి తీసుకునేవి.

ఈ క్రమాన్ని బట్టి నా సలహా ఇది. సూపర్ ఫామికామ్, మెగా డ్రైవ్ కాలం వరకే ఆడేవారు స్టిక్కులు లేని, డీ-ప్యాడ్ ఎడమ బొటనవేలి సహజ స్థానంలో ఉన్న చిన్న కంట్రోలర్ తీసుకోవాలి. ప్లేస్టేషన్ ఆటలు కూడా ఆడేవారికి సోనీ తరహాలో డీ-ప్యాడ్ పైన, స్టిక్కులు కింద ఉన్న నమూనా మేలు. ఎక్కువగా త్రీడీ ఆటలు ఆడేవారికి స్టిక్ పైనా డీ-ప్యాడ్ కిందా ఉండే ఎక్స్‌బాక్స్ తరహా నప్పుతుంది. పాత ఆర్కేడ్ పోరాటపు ఆటలు ఇష్టపడేవారు మాత్రం కుడివైపు మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఆరు బటన్లు ఉన్న కంట్రోలర్‌ను వెతకాలి. స్ట్రీట్ ఫైటర్ 2లో మూడు గుద్దులు, మూడు తన్నులు వేరువేరు బటన్లపై ఉంటాయి. నాలుగింటిని ముందూ రెండింటిని భుజంపైనా పంచుకుంటే ఆడవచ్చు గాని చేతికి ఆ పట్టు రాదు.

ఇక డీ-ప్యాడ్ సంగతి. పాత ఆటల కోసం కొనేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించవలసినది దీనినే, కాని డబ్బాపై మాత్రం దీని గురించి ఒక్క మాట కూడా ఉండదు. డీ-ప్యాడ్ ప్లాస్టిక్ కింద, నాలుగు దిక్కులా, నల్లటి కార్బన్ పూత ఉన్న రబ్బరు బుడిపెలు ఉంటాయి. వేలు నొక్కినప్పుడు ఆ పూత బోర్డును తాకి వలయాన్ని కలుపుతుంది. మధ్యలో ఒక గట్టి ఇరుసు ఉండి, ఒకవైపు నొక్కినప్పుడు ఎదుటివైపు పైకి లేచేలా తూగితే అది మంచి డీ-ప్యాడ్. ఆ ఇరుసు పొట్టిదైనా, రబ్బరు మరీ మెత్తనిదైనా మీరు అడగని దిక్కు కూడా కలుస్తుంది. కాంట్రా ఆటలో కుడివైపుకు పరుగెత్తుతున్నప్పుడు బొటనవేలు రవ్వంత పైకి ఒరిగితే చాలు, తుపాకీ ఏటవాలుగా ఆకాశం వైపు తిరిగి, ఎదురుగా వస్తున్న శత్రువుకు గుండు తగలదు. దీనికి వ్యతిరేకమైన లోపమూ ఉంది: కొన్ని డీ-ప్యాడ్‌లు ఏటవాలు దిక్కులను అందుకోవు. స్ట్రీట్ ఫైటర్ 2లో కిందికి, కిందికి-ముందుకు, ముందుకు అని వేలిని జార్చి గుద్దు బటన్ నొక్కితేనే హడోకెన్ అనే నిప్పుబంతి దెబ్బ వస్తుంది. మధ్యలోని ఏటవాలు అందకపోతే ఒట్టి గుద్దు మాత్రమే పడుతుంది. ఈ రెండు ఆటలలోనూ తడబడని డీ-ప్యాడ్ ఉంటే మిగతా లోపాలను చాలావరకు సర్దుకోవచ్చు.

ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ డీ-ప్యాడ్ ఈ విషయంలో బలహీనమైనదని ఆడేవారందరికీ తెలుసు. గుండ్రటి పళ్లెంలాంటి దాని ఆకారం వేలికి దిక్కు తెలియనివ్వదు. మైక్రోసాఫ్ట్ 2010లో, తిప్పితే పైకి లేచే డీ-ప్యాడ్ ఉన్న మరో నమూనాను విడుదల చేసింది కూడా. మన బజారులో దొరికే చవక కంట్రోలర్లలో చాలావరకు ఆ 360 రూపాన్నే అనుసరిస్తాయి కాబట్టి, చూడడానికి బాగుందని కొనకండి. సోనీ డ్యూయల్‌షాక్ 4, డ్యూయల్‌సెన్స్‌లపై నాలుగు వేరువేరు బాణాలు కనిపించినా లోపల అవి ఒకే ముక్క, నమ్మదగినవి కూడా. 8బిట్‌డో సంస్థ ఎస్‌ఎన్30 ప్రో, మెగా డ్రైవ్ తరహా ఎం30 కంట్రోలర్లను పాత యంత్రాల పోలికలతోనే తయారు చేసింది.

కుడివైపు బటన్ల అమరికలో ఒక చిక్కుంది. నింటెండో పద్ధతిలో కుడి చివరిది ఏ, కింద ఉన్నది బీ. ఎక్స్‌బాక్స్ పద్ధతిలో కింద ఉన్నది ఏ, కుడి చివరిది బీ. ఎమ్యులేటర్‌లో బటన్లు కేటాయించేటప్పుడు అక్షరాన్ని కాక స్థానాన్ని అనుసరించండి, ఎందుకంటే ఆటను రూపొందించినవారు వేళ్ల స్థానాన్ని లెక్కలోకి తీసుకున్నారు, అక్షరాన్ని కాదు. ఎన్నో ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్క్ అనే సాఫ్ట్‌వేర్ కూడా స్థానాన్నే పాటిస్తుంది. తెరపై ‘ఏ నొక్కండి’ అని వస్తే ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్‌పై బీ నొక్కవలసి వస్తుంది, ఇది తప్పు కాదు. సూపర్ మారియో బ్రదర్స్ వంటి రెండు బటన్ల ఆటలకు మాత్రం నేను పరుగును వజ్రాకారంలోని ఎడమ బటన్‌కు, గెంతును కింది బటన్‌కు ఇస్తాను. అప్పుడు బొటనవేలి కొసతో పరుగు బటన్‌ను నొక్కిపట్టి, అదే వేలి కణుపును కిందికి ఒరిగించి గెంతవచ్చు, పరుగు ఎక్కడా తెగదు. కొనేముందు బటన్ల మధ్య దూరం చూడవలసింది ఇందుకే. ఆ రెండు బటన్లూ ఒకే వేలి కింద ఇమడాలి.

స్టిక్కులు, ట్రిగ్గర్ల విషయం ఇంత సున్నితమైనది కాదు. సాధారణ స్టిక్కుల్లో కార్బన్ పట్టీపై జారే భాగం అరిగేకొద్దీ, చేయి తీసినా స్టిక్ ఒకవైపుకు లాగుతుంటుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కులకు ఈ అరుగుదల ఉండదు కాబట్టి, నింటెండో 64 ఆటలు ఎక్కువగా ఆడేవారు వాటికి కొంత అదనంగా పెట్టినా వృథా కాదు. ట్రిగ్గర్ల ఆకారాన్ని చూసి మోసపోకండి: చాలా చవక కంట్రోలర్లలో అవి వంపు తిరిగి కనిపించినా, నొక్కావా లేదా అని మాత్రమే చెప్పగల మామూలు బటన్లు. ప్లేస్టేషన్ ఆటలకు అవి చాలు, డ్రీమ్‌కాస్ట్ కార్ల పందేలకు చాలవు. ప్లేస్టేషన్ 2 ఆటలు కొన్ని బటన్‌ను ఎంత బలంగా నొక్కారో కూడా గమనిస్తాయి. ఈనాటి మామూలు కంట్రోలర్లలో ఆ సదుపాయం లేదు గాని, పీసీఎస్‌ఎక్స్2 ఎమ్యులేటర్‌లో తేలిక నొక్కుకోసం వేరే మీటను కేటాయించుకునే వీలుంది.

కంట్రోలర్ విండోస్‌తో ఏ పద్ధతిలో మాట్లాడుతుందన్నది తరువాతి ప్రశ్న. పాత పద్ధతి డైరెక్ట్‌ఇన్‌పుట్. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చినది ఎక్స్‌ఇన్‌పుట్. ఎక్స్‌ఇన్‌పుట్ కంట్రోలర్‌ను తగిలించగానే ఏ బటన్ ఏదో కంప్యూటర్‌కు ముందే తెలుసు. ఒకేసారి నాలుగింటిని మించి మాత్రం పనిచేయవు. డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో బటన్లకు పేర్లుండవు, సంఖ్యలే ఉంటాయి, ఆ సంఖ్యలు ఒక్కో తయారీలో ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి అన్నిటినీ మీరే కేటాయించుకోవాలి. ఇప్పటి ఎమ్యులేటర్లు రెండింటినీ అర్థం చేసుకుంటాయి, అయితే ఎన్నో ఏళ్ల క్రితమే ఆగిపోయిన కొన్ని ఎమ్యులేటర్లకు డైరెక్ట్‌ఇన్‌పుట్ మాత్రమే తెలుసు. వీలైతే రెండు పద్ధతులకూ మారగల కంట్రోలర్ తీసుకోండి. లాజిటెక్ ఎఫ్310కు వెనుకవైపు ఎక్స్, డీ అని గుర్తులున్న చిన్న స్విచ్ ఇందుకే ఉంది. లైనక్స్ వాడేవారికి ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్లకు తగిన డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది.

కొన్ని వందల రూపాయలకే దొరికే పాత తరహా యూఎస్‌బీ కంట్రోలర్ల మధ్యలో ‘అనలాగ్’ అనే బటన్, ఎర్ర దీపం ఉంటాయి. దీపం ఆరి ఉన్నప్పుడు చాలా నమూనాలలో ఎడమ స్టిక్ కూడా డీ-ప్యాడ్‌లాగే పనిచేస్తుంది. దీపం వెలిగితే డీ-ప్యాడ్ సంకేతం వేరుగా వెళుతుంది. ఒక స్థితిలో బటన్లు కేటాయించి, మరునాడు మరో స్థితిలో ఆడబోతే బొమ్మ కదలదు, కంట్రోలర్ పాడైందనిపిస్తుంది. ముందు దీపం చూడండి. ఒకే నొక్కును వెంటవెంటనే పదేపదే పంపే ‘టర్బో’ బటన్ తెలియకుండా నొక్కుకుపోయి, పట్టుకున్నంతసేపూ గెంతు తనంతట తానే తెగిపడి మళ్లీ మొదలవడం కూడా ఇలాంటిదే. స్టార్ట్, సెలెక్ట్ బటన్లు విడివిడిగా, బొటనవేలికి పొరపాటున తగలనంత దూరంలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆట నుంచి బయటికి రావడానికీ, ఆటను నిలవ చేయడానికీ రెట్రోఆర్క్‌లో సెలెక్ట్‌తో కలిపి మరో బటన్ నొక్కే ఏర్పాటు చేసుకుంటే కీబోర్డు జోలికి పోనక్కరలేదు.

వేగం గురించి ప్రకటనలలో కనిపించే సంఖ్యలకు తొందరపడవద్దు. సాధారణ యూఎస్‌బీ కంట్రోలర్‌ను కంప్యూటర్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తుంది. ఖరీదైనవాటిని 1,000 సార్లు పలకరిస్తుంది. సెకనుకు 60 చిత్రాలు చూపే ఆటలో ఒక్కో చిత్రం దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి, మొదటి రకం వల్ల కలిగే ఆలస్యం ఒక చిత్రంలో సగానికి మించదు. టీవీకి కలిపి ఆడేవారు టీవీలోని గేమ్ మోడ్‌ను (చిత్రం ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగును) పెట్టుకుంటే అంతకంటే ఎక్కువ లాభం. ఆ డబ్బును మంచి డీ-ప్యాడ్‌పై, ఊడదీసి మార్చుకోగల కేబుల్‌పై పెట్టడం ఉత్తమం. తీగ కంట్రోలర్‌లోకి దూరే చోట మొదట తెగుతుంది. యూఎస్‌బీ-సీ సాకెట్ ఉన్న కంట్రోలర్‌కైతే కేబుల్ మాత్రమే కొత్తది తెచ్చుకోవచ్చు. గది మధ్యలో కూర్చుని ఆడేవారు పొడవు ముందే కొలుచుకోవాలి.

ఇద్దరు ఆడే ఇంట్లో రెండూ ఒకే నమూనా కొనడం మంచిది; ఎవరికి ఏది వచ్చినా చేతికి తేడా తెలియదు. రెండింటి పేరూ ఒకటే కావడం వల్ల ఎమ్యులేటర్ వరుసను తారుమారు చేయవచ్చు కనుక, ప్రతిసారీ అవే పోర్టులకు, అదే క్రమంలో తగిలించండి.

పార్సెల్ వచ్చిన రోజే, వెనక్కి పంపే గడువు ఉండగానే, ఆట కంటే ముందు పరీక్ష చేయాలి. విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో జే, ఓ, వై అక్షరాలు, చుక్క, ఆపై సీ, పీ, ఎల్ అక్షరాలు టైప్ చేస్తే కంట్రోలర్ల జాబితా తెరుచుకుంటుంది. అందులో ప్రాపర్టీస్ నొక్కితే ప్రతి బటన్‌కూ దీపం, స్టిక్‌కు చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తాయి. డీ-ప్యాడ్‌పై బొటనవేలిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పి, ఎనిమిది దిక్కులూ వరుసగా పలుకుతున్నాయేమో చూడండి. తరువాత సరిగ్గా నడిమధ్యన గట్టిగా నొక్కండి. ఏ దిక్కూ పలకకూడదు. నాలుగు ముందు బటన్లనూ కలిపి నొక్కి, నాలుగూ వెలిగాయో లేదో చూడండి. స్టిక్‌ను ప్రతివైపుకూ నెట్టి వదిలినప్పుడు ప్లస్ గుర్తు మధ్యకు రావాలి. తీగను మొదలు దగ్గర పట్టుకుని అటూ ఇటూ వంచుతున్నప్పుడు జాబితాలోని పేరు మాయమైతే ఆ కంట్రోలర్ ఎక్కువకాలం బతకదు. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్లలో రెండు ట్రిగ్గర్లూ ఒకే గీతపై ఎదురెదురుగా కదులుతూ, రెండూ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం ఈ పాత తెరలో మామూలే. దానిని లోపంగా భావించవద్దు. స్టిక్ మధ్యకు కొద్దిగా తప్పి ఆగితే ఎమ్యులేటర్‌లో డెడ్‌జోన్ (మధ్యలో కదలికను లెక్కచేయని భాగం) పెంచి సరిచేసుకోవచ్చు. డీ-ప్యాడ్ అడగని దిక్కును పలికితే మాత్రం ఏ సెట్టింగూ దానిని బాగుచేయలేదు కాబట్టి, ఆ కంట్రోలర్‌ను అదే డబ్బాలో పెట్టి తిరిగి పంపేయండి.