కొండల్లోకి అడ్‌హాక్ నెట్‌వర్క్ తీసుకెళ్లేముందు

టవర్ల సిగ్నల్ అందని చోట గాలింపు బృందాలు రేడియోలు వెంట మోసుకెళ్తాయి. ఆ రేడియోలే ఒకదాని సందేశం ఇంకొకటి అందిస్తూ నెట్‌వర్క్‌గా పనిచేస్తాయి. కొండల్లో ఆ లింకు తెగేది ఎక్కువగా దూరం వల్ల కాదు, ఎవరో ఒకరు గుట్ట మలుపు తిరగడం వల్ల. అప్పటిదాకా నిండుగా ఉన్న సిగ్నల్ నాలుగడుగుల్లో పోతుంది. అందుకే బయల్దేరేముందే మ్యాపు ముందేసుకుని, ఎవరి దారి ఎక్కడ చాటుకు వెళ్తుందో గుర్తు పెట్టుకోండి.

రెండు వైపుల లోయలూ కనిపించే ఎత్తులో కదలని రిలే, అంటే సందేశాలు అందుకుని ముందుకి పంపే రేడియో, ఒకటి పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. మనుషులు తక్కువున్నా సరే, ఇది మానొద్దు. అయితే చెరో లోయలో ఉన్న రేడియోలు ఒకదానికొకటి వినబడవు కాబట్టి ఒకేసారి పంపేస్తాయి, రెండు సందేశాలూ రిలే దగ్గర ఢీకొని పాడవుతాయి. మీ పరికరంలో, పంపేముందు అనుమతి అడిగి అది వచ్చాకే పంపే ఆర్‌టీఎస్, సీటీఎస్ సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి.

అవతలి రేడియో కంటికి కనబడితే చాలదు. రెండిటి మధ్య సూటి గీత చుట్టూ కూడా సిగ్నల్‌కి కొంత చోటు కావాలి, దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు లింకుకి సరిగ్గా మధ్యలో ఫ్రెనెల్ జోన్ వ్యాసార్థం దాదాపు 5.6 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 3.4 మీటర్ల మేర, ఏ అడ్డూ ఉండకూడదు. చదును నేల మీద అలాగే వదిలేసిన రేడియోకి ఆ ఖాళీ దొరకదు, కర్ర కట్టయినా పైకెత్తాలి. నడిచేవాళ్లు నడుముకి కట్టుకుంటే ఒళ్లే అడ్డొస్తుంది. భుజం మీద, యాంటెన్నా నిటారుగా ఉండేలా పెట్టుకోవాలి. వాన కురిశాక తడిసిన ఆకులు సిగ్నల్‌ని ఇంకా మింగేస్తాయి, కాబట్టి ఎండలో పనిచేసిన దూరాన్ని నమ్ముకోవద్దు.

ఇక కదిలే వేగం. సందేశం ఏ రేడియోల మీదుగా వెళ్లాలో తేల్చే ప్రోటోకాల్ ఓఎల్‌ఎస్‌ఆర్ మామూలు సెట్టింగ్‌లో ప్రతి 2 సెకన్లకోసారి హలో, అంటే ‘నేనున్నా’ అని చెప్పే చిన్న సందేశం, పంపుతుంది, హలోలు ఆగిపోయినా 6 సెకన్ల దాకా పొరుగు రేడియో ఉందనే అనుకుంటుంది. గంటకి 36 కిలోమీటర్ల వేగంతో వ్యతిరేక దిశల్లో వెళ్లే రెండు వాహనాలు ఆ లోపు 120 మీటర్లు ఎడమవుతాయి. లింకు తెగినా ఆ కాసేపూ సందేశాలు పాత దారిలోనే వెళ్లి గల్లంతవుతుంటాయి. వాహనాలుంటే హలో వ్యవధి తగ్గించండి. అందరూ నడకే అయితే తగ్గించాల్సిన పని లేదు, బ్యాటరీ దండగ.

ఒకే ఛానెల్ మీద హాప్‌లు (సందేశం ఒక రేడియో నుంచి ఇంకో రేడియోకి వేసే అంగలు) పెరిగేకొద్దీ డేటా స్పీడు పడిపోతుంది. లొకేషన్, చిన్న మెసేజ్‌లు ముందు వెళ్లాలి, వీడియో తర్వాత.

బయల్దేరేముందు ఒక్కో రేడియోనూ ఆపి చూసి, ఏది ఆగితే ఎవరు విడిపోతున్నారో రాసుకోండి. లింకు తెగినవాళ్లు ముందుకి వెళ్లకుండా, చివరిసారి సిగ్నల్ అందిన చోటికి వెనక్కి రావాలని అందరికీ ముందే చెప్పి పంపండి.