బయాప్సీ రిపోర్ట్‌లో సిగ్నెట్ రింగ్ సెల్ అని ఉంటే మొదటి వారంలో చేయాల్సిన పనులు

మా తమ్ముడికి 29 ఏళ్లు. దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతుంటే నాలుగు నెలలు పైల్స్ అనుకుని మందులు వాడాం, కొలనోస్కోపీ చేయిస్తే గానీ అసలు సంగతి బయటపడలేదు. రిపోర్ట్ చివర్లో సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా, రెక్టమ్ అని ఉంది, అంటే పెద్దపేగు చివరి భాగంలో ఒక రకం క్యాన్సర్. అప్పుడు మాకు తెలియక తిప్పలు పడ్డవన్నీ రాస్తున్నా.

సెల్ లోపల మ్యూసిన్ అనే జిగురు నిండిపోయి న్యూక్లియస్‌ని ఓ పక్కకి నెట్టేస్తుంది, మైక్రోస్కోప్‌లో చూస్తే రాయి పొదిగిన ఉంగరంలా ఉంటుంది, పేరు అందుకే. పెద్దపేగు క్యాన్సర్లలో ఇది 1 శాతం దగ్గర, మన దేశంలో మాత్రం చిన్న వయసు వాళ్లలో ఇంకాస్త ఎక్కువే కనిపిస్తోంది. తొందరగా పాకుతుంది, ముఖ్యంగా పొట్ట లోపలి పొర పెరిటోనియంకి. సగానికి పైగా సెల్స్ ఇలా ఉంటేనే ఈ పేరు పెడతారు, అంతకంటే తక్కువుంటే కాంపోనెంట్ అని రాస్తారు, కాబట్టి ఆ లైన్ సరిగ్గా చదవండి.

ముందు బయాప్సీ ముక్క స్లైడ్లు (మైక్రోస్కోప్‌లో చూసే గాజు పలకలు), బ్లాకులు ల్యాబ్ నుంచి తెచ్చుకోండి. బ్లాక్ అంటే వేలెడంత ప్లాస్టిక్ డబ్బీలో మైనం, అందులో మినపగింజంత ముక్క, పక్కన పెన్సిల్‌తో నంబర్, మీ మనిషి క్యాన్సర్ అంతా అందులోనే ఉంది అన్నంత జాగ్రత్తగా చూసుకోండి, ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి, మైనం మెత్తబడుతుంది. వాటితో హైదరాబాద్ ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ హోమీ భాభా, ముంబై టాటా లాంటి క్యాన్సర్ ఆసుపత్రిలో రెండోసారి చూపించండి.

అదే బ్లాక్ మీద ఎంఎంఆర్ టెస్ట్ అడగండి, డీఎన్ఏలో తప్పుల్ని సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అని నాలుగు ప్రోటీన్లు ఉన్నాయా అని చూస్తారు. ఏదైనా లేదని వస్తే ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందులు) దారి తెరుచుకుంటుంది, ట్రీట్‌మెంట్ ప్లానే మారిపోవచ్చు, అందుకే ఇది మొదట్లోనే కావాలి. జబ్బు వేరే చోటికి పాకి ఉంటే కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్ అనే జీన్ల టెస్టులు కూడా అడగండి.

ఈ రకం సెల్స్ జీర్ణాశయంలో పుట్టి పేగుకి వచ్చినా ఇలాగే కనిపిస్తాయి, కాబట్టి నోటి ద్వారా కెమెరా పంపి చూసే పై ఎండోస్కోపీ అవసరమా అని డాక్టర్‌గారిని అడగండి. ఇంకో మాట, క్యాన్సర్ ఉన్న చోట వెలిగినట్టు చూపించే పెట్ స్కాన్ క్లీన్‌గా వచ్చిందని ఊపిరి పీల్చుకోకండి, జిగురు ఎక్కువున్న గడ్డలు దాంట్లో సరిగ్గా వెలగవు. పెరిటోనియం మీద అనుమానముంటే లాప్రోస్కోపీతో, అంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో, లోపల నేరుగా చూడ్డం గురించి మాట్లాడండి.

మాకు మొదట చూపించిన చోట రేపే ఆపరేషన్ అన్నారు, భయంలో సరే అనబోయాం. రెక్టమ్‌లో గడ్డ పెద్దదైతే చాలాసార్లు ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి తర్వాత కోస్తారు, కాబట్టి ఎమ్మారై చూసి సర్జన్, మెడికల్ ఆంకాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కలిసి చెప్పేదాకా ఆగండి. పేగు మూసుకుపోయి గ్యాస్ కూడా పోక వాంతులు అవుతుంటే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకే.

పిల్లలు కావాలనుకునే వయసైతే కీమో, రేడియేషన్ మొదలవ్వకముందే స్పెర్మ్ గానీ ఎగ్స్ గానీ ఫ్రీజ్ చేయించుకోవాలి. సిగ్గుపడి ఎవరూ ఎత్తరు ఈ మాట, మీరే ఎత్తండి.

తోడబుట్టినవాళ్లకి, కన్నవాళ్లకి కూడా కొలనోస్కోపీ కావాలి, 40 ఏళ్లకి గానీ, ఇంట్లో జబ్బు బయటపడ్డ వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందొస్తే అది. ఆ లెక్కన 24 ఏళ్ల మా చెల్లికి ఇప్పటికే ఐదేళ్లు ఆలస్యం, వచ్చే మంగళవారం తీసుకెళ్తున్నా.