పాడ్ పదేపదే రీస్టార్ట్ అవుతోందా? మెమరీ పెంచే ముందు ఇవి చూడండి

కుబర్నెటిస్‌కి (కంటైనర్లలో యాప్‌లని నడిపించే సిస్టమ్) మారిన ప్రతి టీమ్‌లోనూ ఏదో ఒక రోజు ఈ సీన్ తప్పదు. వర్చువల్ మెషీన్ మీద నెలల తరబడి నోరెత్తకుండా నడిచిన అప్లికేషన్ కంటైనర్‌లోకి (యాప్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి పెట్టే డబ్బా, కుబర్నెటిస్‌లో అది పాడ్ అనే యూనిట్‌లో నడుస్తుంది) ఎక్కించగానే రోజుకి పదిసార్లు రీస్టార్ట్ అవుతుంది, స్టేటస్‌లో క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ (పదేపదే పడిపోతోంది, కాసేపు ఆగి మళ్లీ లేపుతున్నా) అని పడుతుంది, కాల్‌లో ఎవరో ఒకరు "మెమరీ లిమిట్ డబుల్ చేసేద్దాం" అంటారు (లిమిట్ అంటే కంటైనర్ అంతకు మించి వాడకూడని హద్దు). 2015లో 1.0 వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచి అందరూ అటే వెళ్తున్నారని మనమూ వెళ్లాం, అందులో తప్పేం లేదు. కాకపోతే యాప్‌ని డబ్బాలో పెట్టాం గానీ ఆ డబ్బా ఎంతుందో యాప్‌కి చెప్పలేదు. నేను చూసినంతలో కింది సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

సమస్య: పాడ్ రీస్టార్ట్ అవుతోంది, లాగ్‌లో ఏమీ కనిపించట్లేదు

ముందు మీరు చూస్తున్నది ఏ లాగ్ అన్నది తేల్చుకోండి. మామూలుగా లాగ్స్ కమాండ్ కొట్టితే కొత్తగా లేచిన కంటైనర్ లాగే వస్తుంది, పోయినదాని లాగ్ కావాలంటే ప్రీవియస్ ఆప్షన్ ఇవ్వాలి. అందులో కూడా చివరి లైన్ దాకా అంతా మామూలుగా ఉండి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, అదే పెద్ద ఆధారం. సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపేసే సిగ్నల్) వస్తే ప్రాసెస్‌కి ఒక్క ఎర్రర్ రాసుకునే టైమ్ కూడా ఉండదు.

తర్వాత పాడ్‌ని డిస్క్రైబ్ చేసి లాస్ట్ స్టేట్ దగ్గర ఎగ్జిట్ కోడ్ చూడండి. 137 ఉంటే అది 128 ప్లస్ 9, ఆ 9 సిగ్‌కిల్ నంబర్. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, 137 కనిపించగానే మెమరీ అని తీర్మానించేస్తారు. దాని పైన ఉన్న రీజన్ లైన్ కూడా చదవండి. ఓఓఎమ్‌కిల్డ్ (మెమరీ చాలక చంపేశారు) అని ఉంటే నిజంగానే మెమరీ. ఉత్త ఎర్రర్ అని ఉండి, కింద ఈవెంట్స్‌లో లైవ్‌నెస్ ప్రోబ్ (యాప్ బతికే ఉందా అని అప్పుడప్పుడూ అడిగే చెక్) ఫెయిల్డ్ అని ఉంటే కథ వేరు: కుబెలెట్ (ప్రతి మెషీన్ మీదా పాడ్‌లని చూసుకునే ప్రోగ్రామ్) ముందు మర్యాదగా సిగ్‌టెర్మ్ (ఇక ఆగమని చెప్పే సిగ్నల్) పంపింది, 30 సెకన్లు ఆగింది, యాప్ కదల్లేదు, అప్పుడు సిగ్‌కిల్ కొట్టింది. రెండిటికీ కోడ్ మాత్రం 137నే.

మెమరీ అయితే: నేను కూడా ఒకప్పుడు ఇదే తప్పు చేశాను. ఒక జావా సర్వీస్‌కి కంటైనర్ లిమిట్ 2 జీబీ, ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (జావా హీప్ ఎంతవరకు పెరగొచ్చో చెప్పే ఆప్షన్) కూడా 2 జీబీ పెట్టాం. లోడ్ పెరిగితే చాలు, పడిపోయేది. రెండూ 4కి పెంచాం, వారం ప్రశాంతంగా గడిచింది, మళ్లీ అదే కథ. ఎక్స్‌ఎమ్‌ఎక్స్ అన్నది హీప్‌కి (ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీ) మాత్రమే, మెటాస్పేస్, థ్రెడ్ స్టాక్‌లు, డైరెక్ట్ బఫర్లు అన్నీ దాని బయటే, లిమిట్‌లో వాటికి చోటే వదల్లేదు. చివరికి లిమిట్ మళ్లీ 2కి దించి, ఎక్స్‌ఎమ్‌ఎక్స్ తీసేసి, మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్ (లిమిట్‌లో ఎంత శాతం హీప్‌కి ఇవ్వాలో చెప్పే ఆప్షన్) 70 పెడితే కుదురుకుంది. ఆ ఆప్షన్ ఇవ్వకపోతే డిఫాల్ట్ 25 శాతమే, అంటే కొన్న మెమరీలో ముప్పావు వంతు హీప్‌కి అందదు. జావా 8లో 191వ అప్‌డేట్ కంటే పాతది వాడుతుంటే మాత్రం ముందు దాన్ని మార్చండి, అది కంటైనర్ లిమిట్‌ని కాకుండా మొత్తం మెషీన్ మెమరీని చూసి లెక్కేసుకుంటుంది. ఇవన్నీ సరిచేశాక కూడా గ్రాఫ్ మెట్లెక్కుతూనే ఉంటే అది లీక్ (పని అయిపోయినా మెమరీని వదలకపోవడం), హీప్ డంప్ (హీప్‌లో ఏముందో చూపే ఫైల్) తీయాల్సిందే.

ప్రోబ్ అయితే: డిఫాల్ట్ టైమౌట్ 1 సెకన్. 10 సెకన్లకోసారి చూసి, వరసగా 3 సార్లు జవాబు రాకపోతే చంపేస్తుంది. నిదానంగా లేచే యాప్‌కి స్టార్టప్ ప్రోబ్ (యాప్ పూర్తిగా లేచేదాకా లైవ్‌నెస్ చెక్‌ని ఆపి ఉంచేది) పెట్టండి. ఇంకో మాట, లైవ్‌నెస్ చెక్‌లో డేటాబేస్‌ని పిలవొద్దు. డేటాబేస్ కాస్త మందగిస్తే అన్ని పాడ్‌లూ ఒకేసారి రీస్టార్ట్ అయి, అన్నీ ఒకేసారి కనెక్షన్లు అడుగుతాయి, దాంతో అది పూర్తిగా కూలబడుతుంది.

సమస్య: రీస్టార్ట్‌లు లేవు, సీపీయూ గ్రాఫ్ తక్కువే, అయినా స్లో

ఇది థ్రాటిలింగ్, అంటే సీపీయూ కోటా అయిపోయాక ప్రాసెస్‌ని కాసేపు ఆపేయడం. సీపీయూ లిమిట్‌ని కెర్నెల్ 100 మిల్లీసెకన్ల ముక్కలుగా లెక్కేస్తుంది. 1 కోర్ లిమిట్ ఉన్న కంటైనర్‌లో 8 థ్రెడ్‌లు ఒకేసారి పరిగెడితే మొత్తం కోటా 12.5 మిల్లీసెకన్లలో అయిపోతుంది, మిగతా 87.5 మిల్లీసెకన్లు అందరూ చేతులు కట్టుకుని కూర్చోవడమే. నిమిషం సగటు గీసే గ్రాఫ్‌లో ఇది కనపడదు, థ్రాటిల్డ్ పీరియడ్స్ మెట్రిక్ చూడాలి. థ్రెడ్ పూల్‌ని లిమిట్‌కి తగ్గట్టు కుదించండి, లేదా లిమిట్ పెంచండి. రిక్వెస్ట్‌లు (పాడ్‌కి కనీసం ఇంత కావాలని రాసే సీపీయూ, మెమరీ అంకెలు) సరిగ్గా పెట్టుకున్న క్లస్టర్‌లో సీపీయూ లిమిట్ తీసేసినా నాకు అభ్యంతరం లేదు (మెమరీ లిమిట్ మాత్రం తీయొద్దు). గో భాష కూడా 1.25 వెర్షన్ నుంచే ఈ లిమిట్‌ని తనంతట తాను గమనిస్తోంది, అంతకుముందు దానికీ మెషీన్ కోర్లే కనిపించేవి.

సమస్య: డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కొన్ని 502 ఎర్రర్లు (వెనక యాప్ నుంచి సరైన జవాబు రాలేదని)

పాడ్‌ని ఆపమన్నప్పుడు సిగ్‌టెర్మ్ వెళ్లడం, సర్వీస్ లిస్టులోంచి (వచ్చే రిక్వెస్ట్‌లని ఏ పాడ్‌లకి పంపాలో ఉండే లిస్టు) ఆ పాడ్ పేరు తీసేయడం రెండూ పక్కపక్కనే జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. యాప్ తలుపు మూసేశాక కూడా కొన్ని రిక్వెస్ట్‌లు వచ్చి తడుతుంటాయి. ప్రీస్టాప్ హుక్‌లో (సిగ్‌టెర్మ్‌కి ముందు నడిచే చిన్న కమాండ్) 5 నుంచి 10 సెకన్ల స్లీప్ పెడితే చాలావరకు తగ్గిపోతాయి. ప్రతి పాడ్ ఆగడానికి సరిగ్గా 30 సెకన్లు పడుతోందంటే మాత్రం డాకర్‌ఫైల్ (కంటైనర్ ఎలా తయారవ్వాలో రాసిన ఫైల్) తెరిచి ఎంట్రీపాయింట్ (కంటైనర్ లేవగానే నడిచే కమాండ్) చూడండి. షెల్ రూపంలో రాస్తే ఒకటో నంబర్ ప్రాసెస్‌గా షెల్ కూర్చుని, సిగ్నల్‌ని యాప్‌కి అందనివ్వకపోవచ్చు. ఎక్జెక్ రూపంలోకి, అంటే బ్రాకెట్లలోకి మార్చండి.

సమస్య: అంతా బాగుంది, బిల్లు తప్ప

"డబుల్ చేసేద్దాం" ఫలితం ఇక్కడ తేలుతుంది. లిమిట్‌తో పాటు రిక్వెస్ట్ కూడా పెంచేసి ఉంటారు. షెడ్యూలర్ (పాడ్ ఏ మెషీన్ మీద నడవాలో తేల్చేది) పాడ్ నిజంగా ఎంత వాడుతోందో చూడదు, రిక్వెస్ట్‌లో ఎంత రాశారో చూసి అంత చోటు పక్కన పెట్టేస్తుంది. చోటు చాలకపోతే ఆటోస్కేలర్ కొత్త నోడ్ (మెషీన్) తెస్తుంది, అది ఖాళీగా ఉన్నా డబ్బు కట్టాల్సిందే. వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్‌ని అప్‌డేట్ మోడ్ ఆఫ్‌లో పెట్టి రెండు వారాలు వదిలేయండి. అది దేన్నీ ముట్టుకోదు, ఎంత ఉంటే సరిపోతుందో అంకెలు మాత్రం చెబుతుంది. అవి చూసి, నెలాఖరు లోడ్‌కి కాస్త కలుపుకుని, ఒక్కో సర్వీస్‌నీ దించుకుంటూ రండి.