అంతరిక్ష కేంద్రానికి వెళ్లే ప్రయోగపెట్టె: మంట జాగ్రత్తలు

విశాఖ కాలేజీల్లో పేలోడ్ (అంతరిక్షంలోకి పంపే ప్రయోగపెట్టె) ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లు డిజైన్ రివ్యూకి ముందు ఇవి చూసుకోండి.

– ఫ్యాన్ ఆగిపోతే ఏ భాగం ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టండి. భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు. ల్యాబ్ బల్ల మీద చల్లగా ఉన్న రెగ్యులేటర్ చిప్ చుట్టూ అక్కడ వేడి అలాగే పేరుకుపోతుంది. పైగా పొగ అలారం మోగితే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్)లో ముందు ఆపేది గాలి ఫ్యాన్లనే! ఫ్యాన్ ఆగగానే కరెంటూ తెగేలా పెట్టండి.

– డాబాగార్డెన్స్‌లో కొన్న పీవీసీ వైరు వద్దు, టెఫ్లాన్ తొడుగుది వాడండి.

– వెల్క్రో, నైలాన్ వీలైనంత తగ్గించండి. 1967లో నాసా వ్యోమనౌక అపోలో 1 క్యాబిన్‌లో, స్వచ్ఛమైన ఆక్సిజన్ మధ్య, మంట పాకింది వీటి మీదుగానే.

– మెటీరియల్ సర్టిఫికెట్‌లో, ఎంత ఆక్సిజన్ శాతం ఉన్న గాలిలో పరీక్షించారో చదవండి. 21 దగ్గర పాసైంది 30 దగ్గర భగ్గుమనొచ్చు. నాసా పరీక్షలో నిలువు ముక్కకు కింద నిప్పు పెడితే, మంట 15 సెంటీమీటర్ల లోపే తనంతట తాను ఆరాలి.

– మూసిన పెట్టె అయితే మంటలార్పే సిలిండర్ ముక్కు దూరే రంధ్రం ఉంచండి. స్క్రూలు విప్పే టైముండదు.